యానాం పెళ్ళికూతురు

ఈ ఉగాది సంచికకి ఏదైనా రాయమని మన సంఘం సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, "నేను రాసేవి ప్రిస్క్రిప్షన్లండీ, వాటిని మందుల షాపువాళ్ళు తప్ప ఎవరూ చదవలేరు" అని తప్పించుకోబోయాను. "పోనీ చరిత్ర గురించి రాయండి, ఆ పేజీలు ఇంకా ఖాళీగా ఉన్నాయి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. మా వృత్తిలో చరిత్ర అంటే రోగి చెప్పుకునే కథ. దాన్నే హిస్టరీ తీసుకోవడం అంటాం. అందులో పేరు తర్వాత మొదటి ప్రశ్న పుట్టిన తేదీ.

ఆ ప్రశ్న దగ్గరే మన పెద్దవాళ్ళతో చిక్కు. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చిన అమ్మలూ నాన్నలూ జ్వరమో మోకాళ్ళ నొప్పో వచ్చి నా దగ్గరికి వస్తుంటారు. పాస్‌పోర్టు చూస్తే జనవరి 1, కాకపోతే జూలై 1. మా క్లినిక్‌లో పనిచేసే అమెరికన్ ఆవిడ ఒకసారి, "మీ దేశంలో అందరూ ఒకే రోజున పుడతారా డాక్టర్?" అని అమాయకంగా అడిగింది. అవి బడిలో చేర్చుకునేటప్పుడు హెడ్మాస్టర్లు వేసిన తేదీలని చెప్పాను. మా మామ్మకి ఆ మాత్రం తేదీ కూడా లేదు. ఆవిడ బడి గుమ్మం ఎక్కలేదు.

మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. ఊరు ముమ్మిడివరం దగ్గర. అప్పట్లో తూర్పు గోదావరి జిల్లా, 2022 నుంచి కోనసీమ జిల్లా. ఇంటి వెనక కొబ్బరి తోట, తోట చివర పంటకాలవ. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పాలు పితికి, మేమంతా లేచేసరికి సగం పని ముగించేది. చదువు రాదు గాని లెక్క గట్టిది. కొబ్బరికాయల బేరగాడు వందకి ఎన్ని కాయలు కొసరు ఎంచుకుంటున్నాడో చెట్టు కింద కూర్చునే పట్టేసేది.

ఆవిడ పోయింది 2006లో. ఆ తర్వాత నాన్నగారు పాత ట్రంకు పెట్టె సర్దుతుంటే మామ్మ వయసు రాసిన కాగితాలు నాలుగు దొరికాయి. 1958 నాటి దస్తావేజులో "సుమారు 40 సం.లు" అని ఉంది. రెండు రూపాయలకి కిలో బియ్యం పథకం వచ్చిన 1983లో ఇచ్చిన రేషను కార్డులో 70. 1995 నాటి ఓటరు గుర్తింపు కార్డులో 65. మరణ ధ్రువపత్రంలో 90. వీటిని బట్టి లెక్కేస్తే ఆవిడ 1913లోనూ, 1916లోనూ, 1918లోనూ, 1930లోనూ పుట్టి ఉండాలి. ప్రభుత్వం వారి కాగితాల్లో మా మామ్మ వయసు పెరిగింది, తరిగింది, మళ్ళీ పెరిగింది. ఎవరి కంటికి ఎంత కనిపిస్తే అంత రాసుకున్నారు.

ఈమధ్య మా అమ్మాయికి బడిలో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. దానికిప్పుడు ఎనిమిది నిండి తొమ్మిదో ఏడు నడుస్తోంది. ఒక్కొక్క పెట్టెలో పేరు, పుట్టిన సంవత్సరం, పెళ్ళయిన సంవత్సరం రాయాలి. ముత్తవ్వ పెట్టె దగ్గర ఆగిపోయి, "అమ్మా, ఈవిడ ఎప్పుడు పుట్టింది?" అంది. నాలుగు కాగితాల్లో ఏది చెప్పను? మా పెద్దత్తయ్యకి ఫోను చేశాను. అత్తయ్య మామ్మ పెద్ద కూతురు, టీచరుగా చేసి 2000లో రిటైరయింది.

"దానికేముందే, రక్తాక్షి. పుష్యమాసం. సంక్రాంతి వెళ్ళిన వారానికి పుట్టానని చెప్పేది" అంది అత్తయ్య, కూరగాయల ధర చెప్పినంత తేలిగ్గా.

మన పిల్లల కోసం ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఉగాది పంచాంగ శ్రవణంలో ప్రతి ఏటికీ ఒక పేరు వింటాం కదా. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై పేర్లు అవి. వరస ఎప్పుడూ మారదు. అరవై ఏళ్ళకి ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది. రక్తాక్షి 1924 ఉగాదికి వచ్చింది, మళ్ళీ 1984లో వచ్చింది. 1984లో నాకు నాలుగేళ్ళు కాబట్టి మామ్మ పుట్టింది అంతకు ముందరి రక్తాక్షిలోనే. పుష్యమాసం, సంక్రాంతి దాటాక అంటే 1925 జనవరి. నాలుగు కాగితాలూ చెప్పలేనిది రెండు మాటల్లో తేలిపోయింది. ఆవిడకి తన పుట్టినరోజు తెలియక కాదు, అడిగినవాళ్ళకి ఆవిడ భాషలో లెక్క తెలియక.

"మరి పెళ్ళి?" అన్నాను. "శ్రీముఖ, వైశాఖం. యానాంలో" అంది అత్తయ్య. శ్రీముఖ అంటే 1933.

మా అమ్మాయి పెట్టెలో రెండు అంకెలూ వేసింది. ఒక్క క్షణం ఆగి, తీసివేత చేసి, "అమ్మా, నువ్వు ఎక్కడో లెక్క తప్పావు. ఎనిమిది వస్తోంది" అంది.

లెక్క తప్పలేదు. కానీ ఆ పూట దానికి ఏమీ చెప్పలేకపోయాను. "మామ్మది యానాం పెళ్ళి" అనేది మా ఇంట్లో నా చిన్నప్పట్నుంచీ ఒక సరదా మాట. ఎవరైనా ఏదైనా దొడ్డిదారిన చేస్తే "యానాం పెళ్ళిలా చేశాడురా" అని నవ్వేవారు. నేనూ నవ్వాను. ఆ మాట వెనక ఏముందో అప్పుడు ఆలోచించలేదు.

వెనకున్నది శారదా చట్టం. హరబిలాస్ శారదా గారు ప్రవేశపెట్టిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిషు ఇండియాలో అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి పధ్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండాలి. కాదని పెళ్ళి చేస్తే చేయించినవారికీ, తల్లిదండ్రులకీ ఒక నెల దాకా జైలు గాని, వెయ్యి రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని. అయితే జరిగిన పెళ్ళి మాత్రం చెల్లుతుంది. చట్టం ఆమోదం పొందాక అమల్లోకి రావడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో దేశమంతటా హడావిడిగా చిన్నపిల్లల పెళ్ళిళ్ళు జరిగిపోయాయి.

గడువు దాటినవాళ్ళకి మన గోదావరి జిల్లాల్లో ఇంకొక దారి ఉంది. అదే యానాం. చుట్టూ బ్రిటిషు వారి నేల, మధ్యలో గౌతమి ఒడ్డున ఫ్రెంచి వారి చిన్న పట్నం. పుదుచ్చేరి నుంచి పాలన సాగేది. శారదా చట్టం అక్కడ చెల్లదు. అందుకని ముహూర్తాలు వస్తే చాలు, చుట్టుపక్కల జిల్లాల నుంచి బళ్ళ మీదా పడవల మీదా పెళ్ళివారు వచ్చి, మూడు ముళ్ళూ అక్కడ వేయించుకుని పోయేవారు. ఆ ఊరికి కల్యాణపురమని పేరు కూడా వచ్చింది. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించిన రాజమహేంద్రవరం ఇదే గోదావరి ఒడ్డున, ఎగువన ఉంది. అది జరిగిన యాభై ఏళ్ళకి మావాళ్ళు అదే నది దిగువన పడవ కట్టించుకుని చట్టం కన్ను కప్పారు. చరిత్ర అంటే ముందుకే నడుస్తుందని అనుకుంటాం గాని, ఒకే నీళ్ళలో ఎదురు పడవలు కూడా ఉంటాయి.

మామ్మకి ఆ ప్రయాణం బాగానే గుర్తుండేది. ఎడ్లబళ్ళ మీద ఎదుర్లంక దాకా వెళ్ళారు. ఇప్పుడక్కడ బాలయోగి గారి పేరిట పెద్ద వంతెన ఉంది గాని, అప్పుడు పడవే గతి. నది చూసి భయపడి ఏడిస్తే వాళ్ళ నాన్న చేతిలో జీళ్ళు పెట్టాడట. అవతలి ఒడ్డున మూడు రంగుల జెండా, వింత టోపీ పెట్టుకున్న జవాను. పక్క పందిట్లో ఇంకొక పెళ్ళి. ఆ పెళ్ళికూతురు తనకంటే చిన్నది, తలంబ్రాల వేళకి నిద్రపోయిందట. 1947లో ఊళ్ళో స్వరాజ్యం జెండా ఎగరేస్తే, "మూడు రంగుల జెండా నేను ఎప్పుడో నా పెళ్ళిలోనే చూశాను" అందట మామ్మ. అందరూ నవ్వారట. తాతగారికి పెళ్ళినాటికి పదహారేళ్ళు. అంటే చట్టం ప్రకారం ఆయనా పిల్లవాడే.

కాపురానికి వెళ్ళింది పధ్నాలుగో ఏట. ఆ తర్వాతి సంగతి నాకు చాలాకాలం తెలియదు. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ప్రసూతి విభాగంలో పోస్టింగు పడింది. సెలవులకి ఇంటికొచ్చి, కొత్తగా నేర్చుకున్న గర్వంతో మామ్మకి హిస్టరీ తీయడం మొదలుపెట్టాను. "మొత్తం ఎన్ని కాన్పులు మామ్మా?" అన్నాను, కాగితం కలం పట్టుకుని. "నాలుగు" అంది. మాకు తెలిసిన పిల్లలు ముగ్గురే. నేను తలెత్తి చూశాను. "మొదట పిల్లాడు. నాకు పదిహేనో ఏడు నిండింది అప్పుడు. ఒక పూట ఉన్నాడు. పేరు పెట్టలేదు" అంది. చేతిలోని చిక్కుళ్ళు ఈనెలు తీయడం ఆపలేదు. నేను కాగితం మడిచేశాను.

డాక్టరుగా నాకు తెలిసింది చెబుతాను. పదిహేనేళ్ళకి ఆడపిల్ల ఒళ్ళు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. కటి ఎముకలు పూర్తిగా ఎదగవు. కాన్పు కష్టమవుతుంది, రక్తం తక్కువగా ఉంటుంది, బిడ్డ నెల తక్కువగానో బరువు తక్కువగానో పుడుతుంది. బాల్యవివాహాల మీద విచారించిన జోషి కమిటీ 1929 నివేదికలో డాక్టర్లు చెప్పుకున్నవి ఇలాంటివే. మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు పెళ్ళి వయసు పెంచాలని పట్టుబట్టింది కూడా వైద్యురాలిగా ఇవన్నీ కళ్ళారా చూసే. ఆ చట్టం మా మామ్మ కోసమే వచ్చింది. మావాళ్ళు ఆవిడని దానికి అందకుండా నది దాటించారు. వాళ్ళు దుర్మార్గులు కారు. నలుగురిలో మాట పడకూడదనీ, పిల్ల ఒక ఇంటిదైతే చాలుననీ అనుకున్నారు. ప్రేమతోనే చేశారు. అందుకే ఇది చెప్పుకోవడం ఇంత కష్టం.

రెండో కాన్పుకి మామ్మ తల్లి భయపడి, కాకినాడలో లేడీ డాక్టరు ఉందని, బంధువుల ఇంట్లో దింపింది. నెలలు దగ్గర పడ్డాయనగా 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం పిల్లా పాపలతో పల్లెల దారి పట్టారు. మామ్మనీ బండిలో పడుకోబెట్టి వెనక్కి తీసుకొచ్చేశారు. దారిలో మళ్ళీ యానాం, మళ్ళీ అదే రేవు, మళ్ళీ పడవ. ఇల్లు చేరిన మూడు వారాలకి, చిత్రభాను వైశాఖంలో, ఊరి మంత్రసాని చేతుల మీదుగా మా పెద్దత్తయ్య పుట్టింది. లేడీ డాక్టరు లేకుండానే బతికింది. చిన్నప్పుడు దాన్ని అందరూ "బాంబుల పిల్ల" అనేవారట. అప్పటికి మామ్మకి పదిహేడేళ్ళు.

1954లో తాతగారు టైఫాయిడ్‌తో పోయారు. మామ్మకి ఇరవై తొమ్మిది. ముగ్గురు పిల్లలు, ఆఖరివాడైన మా నాన్నగారికి నాలుగేళ్ళు. పంపకాల్లో మామ్మ వాటా కింద ఎకరంన్నర కొబ్బరి తోట వచ్చింది.

ఇక్కడ ఇంకొక చట్టం సంగతి చెప్పాలి. 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టం వితంతువుకి భర్త వాటా ఇచ్చింది. 1947లో మద్రాసు రాష్ట్రం దాన్ని వ్యవసాయ భూములకీ వర్తింపజేసింది. కానీ అది పరిమితమైన హక్కు. ఆవిడ బతికినన్నాళ్ళు ఫలసాయం అనుభవించవచ్చు. ధర్మశాస్త్రం ఒప్పుకునే అవసరం చూపించకుండా అమ్మితే, ఆవిడ తదనంతరం వారసులు దావా వేసి రద్దు చేయించవచ్చు. అందుకని వితంతువు భూమి కొనడానికి ఎవరూ ముందుకొచ్చేవారు కాదు.

అత్తయ్య 1958లో ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయింది. ఊళ్ళో ఆడపిల్లల్లో ఆ మాత్రం చదివింది తనొక్కతే. అప్పటికే రెండు సంబంధాలు వచ్చాయి. మామ్మ రెండూ వద్దంది. టీచరు ట్రైనింగుకి పంపిస్తానంది. హాస్టలు ఖర్చుకి అరెకరం అమ్ముతానంది. ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. తాతగారి అన్నగారు అరుగు మీద కూర్చుని, "ఆడదానికి తినే హక్కే గాని అమ్మే హక్కు ఎక్కడిది? రేపు పిల్లాడు పెద్దవాడై కోర్టుకెక్కితే?" అన్నారట. అది విని బేరం కుదిరిన ఆసామీ కూడా వెనక్కి తగ్గాడు.

మామ్మ మాట్లాడలేదు. మర్నాడు అత్తయ్యని వెంటబెట్టుకుని అమలాపురంలో ఒక ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన పుస్తకం తీసి, 1956 జూన్ 17 నుంచి హిందూ వారసత్వ చట్టం వచ్చిందనీ, అందులో పద్నాలుగో సెక్షను ప్రకారం స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి, ఆ చట్టానికి ముందు వచ్చినదైనా సరే, ఇక పూర్తిగా ఆవిడదేననీ చదివి చెప్పాడు. "అంటే అమ్ముకోవచ్చా?" అంది మామ్మ. "అమ్ముకోవచ్చు, ఇచ్చుకోవచ్చు, నీ ఇష్టమమ్మా" అన్నాడట. "ఆ మాట కాగితం మీద రాసివ్వండి బాబూ, ఆసామీకి చూపించాలి" అంది.

దస్తావేజు రిజిస్టరయింది. వేలిముద్ర వేసేటప్పుడు గుమాస్తా వయసెంత అని అడిగితే మామ్మ "రక్తాక్షి" అంది. అతను ఆవిడ ముఖం ఒకసారి చూసి, "సుమారు 40" అని రాసుకున్నాడు. నిజానికి ముప్ఫై మూడు. ఆ ఏడేళ్ళూ ఆవిడ ముఖం మీద ఎలా చేరాయో ఈపాటికి మీకు తెలుసు.

ట్రైనింగుకి బయల్దేరిన రోజున ట్రంకు పెట్టె బస్సు మీదికి ఎక్కిస్తూ మామ్మ అన్న మాట అత్తయ్య నాకు ఎన్నోసార్లు చెప్పింది. "నన్ను పడవ ఎక్కించారు. నువ్వు బస్సు ఎక్కు." అంతే. తన పెళ్ళి గురించి ఆవిడ జన్మలో చేసిన ఫిర్యాదు ఏదైనా ఉంటే అదొక్కటే. అత్తయ్యకి ఉద్యోగం వచ్చాకే, ఇరవై ఒకటో ఏట పెళ్ళి జరిగింది. దేశంలో ఆడపిల్ల పెళ్ళి వయసు పద్దెనిమిది చేసిన సవరణ 1978లో గాని రాలేదు. మా ఇంట్లో అది పదిహేనేళ్ళ ముందే వచ్చింది.

ఇదంతా కలిపి చూస్తే నాకు ఒకటి అర్థమయింది. ఆవిడ జీవితంలోకి రెండు చట్టాలు వచ్చాయి. ఎనిమిదేళ్ళప్పుడు ఒక చట్టాన్ని పెద్దలు ఆవిడకి అందనివ్వలేదు. ముప్ఫై మూడేళ్ళప్పుడు రెండోదాన్ని ఆవిడే వెతుక్కుంటూ వెళ్ళి తెచ్చుకుంది. ఆ ఫ్రెంచి యానాం కూడా 1954లో మన దేశంలో కలిసిపోయింది. చరిత్ర పుస్తకాల్లో శారదా గారి పేరు ఉంటుంది, సెక్షన్ల అంకెలు ఉంటాయి. ఆ సెక్షన్లకి ప్రాణం పోసింది మాత్రం సంతకం రాని ఇలాంటి మామ్మలు, అమ్మమ్మలు. మనలో చాలామందిమి ఇక్కడ డాక్టర్లమూ ఇంజనీర్లమూ అయి కూర్చున్నామంటే, వెనక్కి వెళ్ళి చూస్తే ఎక్కడో ఒక అరెకరం, ఒక వేలిముద్ర ఉంటాయి.

మామ్మ పోయినప్పుడు నేను ఇక్కడ రెసిడెన్సీ మొదటి ఏడాదిలో ఉన్నాను. సెలవు అడిగే ధైర్యం లేక వెళ్ళలేకపోయాను. ఆవిడ హిస్టరీ నేను సగంలో మడిచేసిన కాగితం దగ్గరే ఆగిపోయింది. ఇంకా ఎన్నో అడగవలసినవి ఉండిపోయాయి. ఇప్పుడు అత్తయ్యని అడుగుతున్నాను.

మా అమ్మాయికి చివరికి అన్నీ చెప్పాను, దాని వయసుకి అర్థమయ్యేలాగ. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ పక్క పందిట్లో నిద్రపోయిన పాప ఏమయింది?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. వంశవృక్షంలో మాత్రం అంకె దిద్దలేదు, 1933 అనే ఉంచింది. పుట్టిన సంవత్సరం పెట్టెలో 1925 పక్కన తెలుగులో "రక్తాక్షి" అని రాయించుకుని, చూసి దింపింది.

ఈ ఉగాదికి ఇంటికి ఫోను చేసినప్పుడు, శుభాకాంక్షలు అయ్యాక, మీ పెద్దవాళ్ళని కూడా ఒక ప్రశ్న అడగండి. ఏ తేదీన పుట్టారని కాదు, ఏ ఏడున పుట్టారని. పేరు చెబుతారు. దాని వెంట ఏ పడవ వస్తుందో, ఏ రేవు వస్తుందో వినండి. నవ్వుకునే మాటలు ఉంటే వాటి దగ్గర కాస్త ఆగండి.

ఇది రాయడం ముగించి నిన్న రాత్రి ఫోనులో అత్తయ్యకి మొత్తం చదివి వినిపించాను. అంతా విని ఒక్కటే తప్పు పట్టింది. "పడవలో ఇచ్చింది జీళ్ళు కాదే, మామిడి తాండ్ర. వైశాఖం కదూ! ఎప్పుడు చెప్పినా తాండ్ర అనే చెప్పేది అమ్మ. అది దిద్దు" అంది. పైన దిద్దడం ఇష్టం లేక, నేను తప్పు విన్న సంగతి కూడా తెలియాలని, ఇక్కడ దిద్దుతున్నాను. మామిడి తాండ్ర.